ఏరువాక తర్వాత తొమ్మిదో దినం

శ్రీశైలంలో మా సత్రం భోజనశాల గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉండేది. ప్రతి ఉదయం దాని మీద సుద్దముక్కతో ఒక పేరు రాయడం నలభై ఏళ్లు నా పని. ఆ దినం అన్నం ఎవరి పేరున పెడుతున్నామో ఆ పేరు, దాని కింద తిథి. మొదటి విస్తరి ఆ పోయినవాళ్లది. వాళ్ల తరఫున వచ్చినవాళ్లు తమ చేత్తో అందులో వడ్డించాకే తక్కిన పంక్తికి అన్నం కదిలేది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యాత్రికులు ఆ బల్ల చదివి, ముక్కూ మొహం తెలియని ఆ పేరుకు ఒక దండం పెట్టి కూర్చునేవాళ్లు.

నేను అయిదో తరగతితో బడి మానినవాణ్ణి. నందికొట్కూరులో కిరాణా అంగట్లో పొట్లాలు కడుతూ, కట్టే ముందు ఆ కాగితం ముక్క చదువుతూ చదువుకున్నాను. పాత పంచాంగాలు కూడా తూకానికి వచ్చేవి. తిథి ఎట్లా చూడాలో నేర్పమని ఒక పెద్దమనిషిని అడిగితే, "ఉప్పు తూచేవాడికి తిథులెందుకురా?" అన్నాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ మాట మీద కోపం మాత్రం నాతోనే ఉంది. ఆ కోపంతోనే నేర్చుకున్నాను. సత్రానికి గుమాస్తాగా వచ్చాక ప్రతి అమావాస్యకు పంచాంగం ముందు పెట్టుకుని, రాబోయే నెలలో ఏ పేరు ఏ దినమో ఒక కాగితం మీద దింపుకునేవాణ్ణి. ఒక్క నెలకే. అంతకు మించి ముందుకు ఎన్నడూ పోలేదు.

ఆ పేర్లలో ఒకటి ఆనకట్ట కట్టే రోజుల్లో రాయి జారి పోయిన ఒక పద్దెనిమిదేళ్ల కూలివాడిది. తల్లిది కమలాపురం పక్క పల్లె. తన వెండి కడియాలు సత్రానికి ఇచ్చి, కొడుకు పేరున ఏడాదికి ఒక దినం రాయించుకుంది. జ్యేష్ఠ బహుళ నవమి. ఆమెకు చదువు రాదు, ఫోను లేదు. మేము ఎన్నడూ ఉత్తరం వేయలేదు. అయినా ప్రతి ఏడూ ఆ నవమికి కడపలో ఒక బస్సు, నంద్యాలలో ఒక బస్సు మారి, చంకలో కొర్రబియ్యం మూట, బెల్లం అచ్చులతో మెట్ల మీద ప్రత్యక్షమయ్యేది. కొర్రపాయసం తనే కాచి, మొదటి విస్తరిలో తనే వడ్డించి, ఆ విస్తరి పక్కన కాసేపు కూర్చునేది. ఆ తరువాతే మనుషులతో మాట్లాడేది.

కంప్యూటర్ సర్వర్ సంగతి రెండు వేల ఏడు ఎండాకాలంలో వచ్చింది. మా ట్రస్టుకు కర్నూల్లో ఆఫీసు, కడపలో ఇంకో సత్రం. ఎవరి పుస్తకం వాళ్లది. ముందటి ఏడు కర్నూలు వాళ్లు ఒకరికీ, కడప వాళ్లు ఇంకొకరికీ శ్రీశైలంలో ఒకే దినం ఇచ్చారు. రెండు కుటుంబాలు ఒక్క విస్తరి ముందు నిలబడి, మా తాత ముందంటే మా నాయన ముందని తోసుకున్నారు. అట్లాంటిది మళ్లీ జరగకూడదని ట్రస్టు అధ్యక్షుడు తన చిన్న కోడలిని పిలిపించాడు. బెంగళూరులో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే మనిషి. కర్నూల్లో మామగారి అంగడి మీది గదిలో కమిటీవాళ్లనూ నన్నూ కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది.

"మూడు చోట్లకూ ఒకటే క్యాలెండర్ మామా. కర్నూల్లో రాస్తే ఆ నిమిషమే కడపలో కనపడతాది, శ్రీశైలంలో కనపడతాది. దాతలు కూడా ఇండ్లలో చూసుకోవచ్చు. మూడు దినాల ముందు వాళ్ల సెల్లుకు మెసేజీ పోతాది. సర్వర్ మనం కొనే పని లేదు, బాడుగకు ఇచ్చేవాళ్లు ఉండారు."

"యాడుంటాది అది?" అన్నాను.

"సింగపూర్లో."

"మన తద్దినాలు సింగపూర్లో బాడుగింట్లో ఉంటాయా తల్లీ?"

అధ్యక్షుడు నవ్వాడు. "ఏమప్పా గుమాస్తా, నలభై ఏండ్ల నుంచి సత్రంలో బాడుగ లేకుండా ఉండావు, అది నీ సొంతిల్లా? దాన్నీ ఉండనీ."

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ చూపలేదు.

ఆ అమ్మాయిది తేలికపాటి బుర్ర కాదు. శ్రీశైలంలో కరెంటు పోతే ఎట్లా అని తనే అడిగింది. రాష్ట్రమంతటికీ కరెంటు పంపే ఊళ్లో మాకు మధ్యాహ్నం ఫ్యాను తిరగదని చెప్పాను. అయితే వారానికొక షీటు కర్నూల్లో అచ్చు తీసి బస్సులో పంపాలని రాసుకుంది. యంత్రం చెడితే పోకుండా రోజూ ఒక నకలు వేరేచోట దాచాలని రాసుకుంది. ఇదంతా నాకు నచ్చింది. తరువాత ఒక పేరు ఎక్కించి చూపించింది. ఒకసారి తేదీ రాస్తే ప్రతి ఏడూ అదే తేదీకి తనంతట తానే వస్తుందట.

నాకు మండింది. "చచ్చినోడు ఇంగ్లీషు తేదీ చూసుకుని చచ్చినాడా?"

ఆమె నొచ్చుకోలేదు. "సరే మామా. తిథి ఎట్ల చూస్తారో మీరు చెప్పండి, నేను రాసుకుంటా. ఈ ఏడాదంతా ఇప్పుడే ఎక్కిద్దాం."

పండుగకైతే పొద్దు పొడిచేటప్పుడు ఉన్న తిథి, పోయినవాళ్లకైతే మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి అని మొదలుపెట్టాను. అంత శ్రద్ధగా నా మాట విన్న చదువుకున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఏడాది మొత్తం ఒకేసారి కూర్చుని నేను ఎన్నడూ దింపలేదని అప్పుడే చెప్పి ఉండాలి. చెప్పలేదు. నలుగురి ముందు పంచాంగం విప్పి తేదీలు గడగడా చదువుతుంటే ఆ ఉప్పు తూచిన మాటకు జవాబు ఇస్తున్నట్టు ఉండింది.

మధ్యలో అధ్యక్షుడు హక్కుల మాట ఎత్తాడు. క్యాలెండర్లో రాసే హక్కు కర్నూలుకు, కడపకు. శ్రీశైలానికి చూసే హక్కు మాత్రమే. నాకు పాస్‌వర్డు ఇవ్వరు.

"నలభై ఏండ్లు రాసినోడు ఇంక చూస్తా కూసోవాలనా శెట్టిగారూ?"

"చేతులు ఎక్కువైతే తప్పులు ఎక్కువైతాయి అప్పా. ఇంకోటి విను. కొత్త దాతలు శానామంది కాచుకోనుండారు. ఎవురూ రాని పేరుకు ఇంక దినం పెట్టేది లేదు, ఆ దినం కొత్తోళ్లకు ఇస్తాం. రానోళ్ల పేర్లన్నీ కలిపి మహాలయ అమావాస్యకు ఒకే పంక్తి పెడదాం."

"మీ నాయన సత్రం చూసేటప్పుడు ఇచ్చిన మాటలు అవి!"

మేమిద్దరం గొంతులు పెంచుకున్నాం. ఆ అరుపుల నడుమ ఆమె పంచాంగం నా వైపు తిప్పి, "మామా, జ్యేష్ఠం రెండు తూర్లు ఉండాదే, ఏది రాయాల?" అని అడిగింది.

నేను అధ్యక్షుడి ముఖంలోంచి చూపు తిప్పలేదు. "మొదటిదే రాయి," అన్నాను.

సర్వజిత్తు నామ సంవత్సరంలో జ్యేష్ఠం అధికమాసం. మొదట వచ్చేది అధికం, తరువాత వచ్చేది అసలు నెల. పోయినవాళ్లకు పెట్టేది అసలు నెలలోనే. ఇది పొట్లాలు కట్టే రోజుల నుంచి నాకు తెలుసు.

సర్వర్ మొదలైంది. ప్రతి శనివారం కర్నూలు బస్సులో షీటు వచ్చేది. నేను షీటు చూసి బల్ల మీద పేరు దించేవాణ్ణి. పాస్‌వర్డు ఇవ్వలేదన్న రోషంతో పంచాంగం గూట్లోంచి తియ్యడం మానేశాను. తెలివి వాళ్లదైతే పూచీ కూడా వాళ్లదే అనుకున్నాను. జ్యేష్ఠం పేర్లు ఏడెనిమిది వచ్చాయి. సెల్లుకు మెసేజీ వచ్చిందని ఆ ఇండ్లవాళ్లు వచ్చి, వడ్డించి, ఫోటోలు తీసుకుని వెళ్లారు. ఒక్కరూ ఇదేమి నెల అని అడగలేదు.

జూన్‌లో ఆ కూలివాడి పేరు వచ్చింది. బల్ల మీద రాశాను. పంక్తి కూర్చుంది. మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. వంటాయన రెండుసార్లు పిలిచాడు. ఆకలిగొన్నవాళ్లను ఎంతసేపు ఆపుతాం? చివరికి ఆ మొదటి విస్తరిలో నేనే వడ్డించాను. ముప్పై ఏళ్లకు పైగా తప్పని మనిషి రాలేదంటే ఇంక లేనట్టే అనుకున్నాను. సాయంత్రం అధ్యక్షుడికి ఫోను చేసి, మీ సింగపూరు సంగతేమో గానీ మనుషులు పోతే మెసేజీ రాదని కసిరాను. ఆయన నెమ్మదిగా, "అయితే ఆ దినం ఖాళీ కదప్పా," అన్నాడు. వారం తిరక్కముందే ఆ కూలివాడి పేరు మహాలయ పంక్తిలోకి పోయింది. ఆ నవమి ఒక కొత్త దాతకు వెళ్లింది. జూలైలో వచ్చే నవమికే పెడతామని వాళ్లు రాయించుకున్నారు.

జూలైలో ఒక ఉదయం బల్ల మీద ఆ కొత్త దాత రాయించిన ఎవరో బళ్లారి ఆయన పేరు రాసి వెనక్కి తిరిగితే, మెట్ల మీద ఆ కూలివాడి తల్లి. చంకలో మూట, బెల్లం.

బల్ల వైపు చూసింది. చదువు రాదు గానీ కొడుకు పేరు ఆకారం ఆమెకు తెలుసు.

"అది మా వాని పేరు కాదే గుమాస్తప్పా."

"అక్కా, నీ దినం పోయిన నెలలోనే అయిపోయె. నువ్వు రాలేదు."

ఆమె మూట కింద పెట్టింది. "పోయిన నెలా? అది ఎక్కువ నెల కదప్పా! ఎక్కువ నెల దేవునిది, పోయినోళ్లది కాదు. ఏరువాక పున్నమికి ఎద్దులకు పసుపు పూసి, పొలంలో గొర్రు పెట్టినాక తొమ్మిదో దినం మా వాడు పోయింది. ఈ యేడు ఏరువాకే ఆలస్యమాయె. నేను యాడ తప్పినా?"

"నువ్వు తప్పలేదక్కా."

"మరి నీకు తెలీదా? ఇన్నేండ్లు నువ్వే కదా రాస్తాండావు?"

తెలీదని అని ఉంటే బాగుండేది. కానీ నాకు తెలుసు. యంత్రం తప్పు అనడానికి నోరు తెరిచాను కూడా. ఆ మాట ఆమె నమ్మేది. అధ్యక్షుడూ నమ్మేవాడు, ఒక్క నెలలో ఆ సర్వర్‌ను నేను ఎంత తిట్టానో ఊరంతా ఎరుగుదురు. కానీ యంత్రం తప్పు అంటే ఏ తప్పో ఎవరూ వెతకరు, ఆమె రాలేదన్న లెక్క మీద దినం కొత్త దాతకు ఇచ్చిన కమిటీ నిర్ణయం అట్లాగే ఉండిపోతుంది. నెల తప్పు చెప్పింది నేనని తేలితేనే ఆమె దినం తప్పలేదని తేలుతుంది.

మూల మీది ఫోను బూతుకు వెళ్లి బెంగళూరుకు చేశాను.

"తల్లీ, ఆ దినం నువ్వు అడిగితివే, రెండు జ్యేష్ఠాలు ఉండాయని. నేను చూడకుండానే చెప్పినా. తప్పు నాది. ఆ కూలివాని తల్లి తన దినానికి సరిగ్గా వచ్చింది, ఇప్పుడు మెట్ల మీద కూసోనుంది."

"నాకు అప్పుడే అనుమానం మామా. మళ్లీ అడిగుంటే బాగుండు. మీరు అరుస్తా ఉంటిరి, భయపడితి."

అధ్యక్షుడికి కూడా నేనే చెప్పుకున్నాను. ఆయన ఎగతాళి చేస్తాడని కాచుకున్నాను. "మా నాయన ఇచ్చిన మాట కదా అప్పా, రెండు విస్తర్లు వెయ్," అన్నాడు. తప్పు నెలలో పెట్టిన ఆ ఏడెనిమిది ఇండ్లకూ మళ్లీ పెట్టుకోవాలని ఫోన్లు చేయించాను. ఒకాయన మాత్రం, "ఒకసారి తిన్నాడు కదా మా నాయన, సాల్లే," అన్నాడు. అది వాళ్ల ఇంటి సంగతి.

ఆ దినం బళ్లారి ఆయన పేరు పక్కన రెండో పేరు రాశాను. ఆమె పాయసం కాచింది. బళ్లారి వాళ్లు సంగతి విని, ముందు ఆమెనే వడ్డించమని జరిగి నిలబడ్డారు.

తరువాతి వారం ఆ అమ్మాయి శ్రీశైలం వచ్చింది. క్యాలెండర్లో తేదీలు ఒక్కో నెలకే, అమావాస్య నాడు ఎక్కాలని మార్చింది. రెండు నెలలు ఉంటే రెండూ ఎర్రరంగులో కనపడి, ఎవరో ఒకరు చూసి ఒప్పుకునేదాకా మెసేజీలు పోకుండా చేసింది. ఆ ఒప్పుకునే పాస్‌వర్డు నాకు ఇచ్చింది. అక్షరాలు వెతుక్కుంటూ ఒక వేలితో కొట్టడం నేర్పింది. ఆ తల్లి దినం మళ్లీ ఆమె కొడుకు పేరున ఎక్కించాక, "మామా, ఈ పేరుకు మెసేజీ ఎవరికి పంపాల?" అని అడిగింది.

"నాకు పంపు," అన్నాను. "ఆమెకు అవసరం లేదు."