అంజినక్క దాచని సంగతి

తెల్లవారుజామున సోలారు పలకల మీద నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. ముందురోజు గాలికి పేరుకున్న ఎర్రదుమ్ము తడిసి, పలక అంచు నుంచి బురదగా జారేటప్పుడు వచ్చే వాసన. తొలకరి వాసనకు దగ్గరగా ఉంటుంది గానీ, అందులో ఇనుప వాసన కూడా కొంచెం కలిసి ఉంటుంది. ఇన్నేళ్లుగా రోజూ పీలుస్తున్నదే. అయినా కొన్ని ఉదయాల్లో అది ముక్కుకు తగలగానే నా చేతిలో బ్రష్షు కర్ర ఆగిపోతుంది. పక్క వరుసలోంచి “ఏమ్మే, అద్దంలో మొకం చూసుకుంటాండావా?” అని అంజినక్క కేకేస్తుందేమోనని అటు తిరుగుతాను. అక్కడ ఎవరూ ఉండరు.

నేను కర్ణాటకలో పావగడ పక్కనున్న వై.ఎన్.హొసకోటలో పుట్టి, అక్కడికి దగ్గరి బలసముద్రానికి కోడలిగా వచ్చినదాన్ని. రెండూ తెలుగు మాట్లాడే ఊళ్లే. పీయూసీ, అంటే ఇంటరు దాకా చదివాను గానీ నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి. మా అత్తగారి పొలం సోలారు పార్కుకు కౌలుకు పోయింది. దాంతో వేరుశనగ పండిన నేలమీదికే పలకలు తుడిచే కూలికి వెళ్లడం మొదలుపెట్టాను. మా ఆడవాళ్ల గుంపుకు మేస్త్రి అంజినక్క. యాభై దాటిన మనిషి. చీర మీద గోవిందప్ప మామ పాత చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, అందరికంటే ముందు వరుసలో నడిచేది. గోవిందప్ప మామ ఆమె భర్త. గొర్రెలతో తప్ప మనుషులతో అంతగా మాట్లాడని మనిషి. వాళ్లకు పిల్లలు లేరు. మొదటిరోజు నేను తల వంచుకుని నిలబడితే అంజినక్క నా గడ్డం పట్టి పైకెత్తి, “నేలమీద ఏం పోగొట్టుకున్నావమ్మే? ఎత్తు తల,” అంది. ఆ తరువాత నాకు ఆమె దగ్గర ఉన్నంత చనువు ఇంకెవరి దగ్గరా ఏర్పడలేదు.

ఆమెకు అన్నం సహించకపోవడం మొదలైనప్పుడు గ్యాసు అనుకుంది. పావగడలో మాత్రలు తెచ్చుకుని మింగింది. మనిషి సన్నబడుతూ వచ్చింది. చొక్కా భుజాల మీద వేలాడసాగింది. చివరికి పావగడ డాక్టరే బెంగళూరులో పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు. కన్నడం చదవగలిగినదాన్ని కనుక నన్నూ తోడు రమ్మంది.

పరీక్షలన్నీ అయ్యాక అక్కడి డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, మామనూ నన్నూ మాత్రమే లోపలికి పిలిచాడు. కడుపులో పుట్టిన క్యాన్సరు కాలేయానికి పాకిందనీ, ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందనీ మెల్లగా చెప్పాడు. మంచి మనిషే. “ఆమెకు ఇప్పుడే చెప్పకండి, ధైర్యం పోతుంది,” అని కూడా అన్నాడు. అంతలో తలుపు తోసుకుని అంజినక్క లోపలికి వచ్చింది.

“సారూ, ఆ కడుపు నాది. దాంట్లో ఏముండాదో అందరికీ తెలిసి నాకు తెలీకుంటే ఎట్లా?”

డాక్టరు ఆమెకు కుర్చీ చూపించి, మొదటినుంచీ మళ్లీ చెప్పాడు. ఆమె అంతా విన్నాక, “శెనక్కాయ పీకేదాకా ఉంటానా?” అని అడిగింది. అప్పటికి వాళ్లకు మిగిలిన కొద్దిపాటి చేనులో విత్తనం వేసి ఎన్నాళ్లో కాలేదు.

“ఉండొచ్చు. మాట ఇవ్వలేను. నొప్పి తగ్గించేదానికి మాత్రం మందులున్నాయి,” అన్నాడాయన.

“అది చాలు సారూ. ఉండేది ఉండేట్టు చెప్పినారు,” అని ఆమె చేతులు జోడించింది.

తిరుగు బస్సులో గోవిందప్ప మామ తువ్వాలు ముఖానికి కప్పుకుని కుమిలిపోయాడు. ఆమె కిటికీ వైపు చూస్తూనే ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, “ఇంటికి పోయినాక ఇద్దరం కూకోని ఏడుద్దాం. ఈడ సరిగ్గా ఏడ్చేదానికి కూడా కాదు,” అంది. నిజంగానే ఏడ్చారట. మరుసటి రోజు ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆమెకు భయం లేదని నేను చెప్పను. ఆ భయాన్ని కూడా ఆమె దాచలేదు, అంతే.

మా ఊళ్లలో క్యాన్సరు మాట ఎవరూ పైకి అనరు. ‘పెద్ద జబ్బు’ అంటారు, లేదా ఏమీ అనరు. అంజినక్క మాత్రం ఆ రోజే పలకల నీడలో అందరం సద్ది విప్పుకునే వేళ, పప్పు కలుపుకుంటున్నంత మామూలుగా చెప్పేసింది. “నాకు క్యాన్సరు వచ్చిండాది. తగ్గేది కాదంట. నా వెనక గుసగుసలు పెట్టుకునేది వద్దు. అడగాల్సింది నన్నే అడగండి.” ఒకామె గట్టిగా శోకం అందుకుంది. “గమ్మునుండమ్మే, సంగటి సల్లారిపోతాది,” అని ఆమెను కసిరింది.

ఆ సాయంత్రం లారీ కోసం ఎదురుచూస్తుండగా, మా గుంపులోని లక్ష్మీదేవి అంజినక్క పక్కన వచ్చి నిలబడింది. కొంగు చివర నలుపుతూ, రొమ్ములో ఒక గడ్డ ఉందనీ, మొగుడికి కూడా చెప్పలేదనీ గొణిగింది. నేను పక్కనే ఉన్నాను. అంజినక్క ఆమెను తిట్టలేదు, ఓదార్చలేదు. “రేపు పనికి రావద్దు. నేనూ రాను. పావగడకు పోదాం,” అంది. తనకే ఓపిక లేకపోయినా లక్ష్మీదేవిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. అక్కడినుంచి బెంగళూరు, ఆపరేషన్, రాలిన జుట్టు, మళ్లీ మొలిచిన జుట్టు. లక్ష్మీదేవి ఈరోజుకీ నాతోనే పనికి వస్తోంది. గొంతు మా అందరికంటే పెద్దది.

కొన్ని వారాలకు అంజినక్క నన్ను ఇంటికి పిలిపించి, గుంపును నేనే నడపాలంది. ఆమె ఉండగా నాకెందుకని అడిగాను. “నేనుండంగానే చెయ్యి. తప్పు పోతే అడిగేదానికి మనిషుంటుంది. పోయినాక అప్పజెప్తే ఎవరినడుగుతావు?” అంది. తరువాత ఇంకోమాట చెప్పింది. “కూలి పెంచమని అడిగినాను, నీళ్లు అడిగినాను, నీడ అడిగినాను. ఒక్కటి మాత్రం అడగలేకపోతిని. ఆడోళ్లకు దొడ్డి. మొగోళ్ల ఎదురుగా ఆ మాట నోట్లోకి రాలేదు. సిగ్గుపడినాను. నువ్వు అడగాల.”

మరుగుదొడ్డి లేకపోవడం మా అందరి బాధ. కంపచెట్లు ఉన్న కాలంలో ఆడవాళ్లకు చాటుండేది. వాటిని కొట్టేసి పలకలు పరిచాక ఎటు చూసినా బయలే. అందుకే మేమంతా ఎండలో కూడా నీళ్లు తాగకుండా పనిచేసేవాళ్లం. నేను కాంట్రాక్టరు మేనేజరు గదికి వెళ్లి, గడ్డి కోత గురించి ఏదో మాట్లాడి తిరిగి వచ్చేశాను. ఆ సంగతి చెబితే అంజినక్క నవ్వింది. “అంత ఘనంగా మేస్త్రిగా ఉండి నేనే అడగలేకపోతిని, నిన్నేమంటా? రేపు నేనూ వస్తా. మాట్లాడను. ఊరికే కూకుంటా.”

ఆటోలో వచ్చింది. మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుని నిజంగానే ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడాలని ఆమెకు ఎంత ఉందో కుర్చీ చెయ్యి పట్టుకున్న వేళ్లు చూస్తే తెలిసింది. నేను కన్నడంలో మొదలుపెట్టాను. మరుగుదొడ్డి అనాల్సిన చోటికి వచ్చి ఆగిపోయాను. పక్కకు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు, మేనేజరునే చూస్తోంది. ఆ మాట అన్నాను. ఒకసారి అన్నాక మిగతావన్నీ వాటంతటవే వచ్చేశాయి. నీళ్లు తాగకపోవడం, మూత్రంలో మంట, నెలసరి రోజుల్లో పని మానుకోవడం. కుర్రవాడైన ఆ మేనేజరు ముఖం ఎర్రబడింది. “ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే,” అన్నాడు. “ఇప్పుడు చెప్పినాం,” అన్నాను. ఆ జవాబు నా నోట్లోంచి వచ్చిందంటే నేనే నమ్మలేకపోయాను. రేకుల గది రెండు నెలలు తిరగకముందే లేచింది. మొదట అంజినక్కే వెళ్లాలని ఆడవాళ్లంతా పట్టుబట్టారు. ఆమె నవ్వు ఆపుకోలేక, ఆపరేషన్ అయి ఊరికి వచ్చిన లక్ష్మీదేవి భుజం పట్టుకుని లోపలికి వెళ్లి, “తలుపు గడియ బాగుండాదప్పా!” అని లోపలినుంచే అరిచింది.

ఇంటి దగ్గర ఆమెకు ఇంకొక పని ఉండేది. మంచం మీద నుంచే గోవిందప్ప మామకు వంట నేర్పించేది. “పిండి పోసి గమ్మునుంటే గడ్డలు కట్టకుండా ఎట్లుంటాది? గెలుకు, గెలుకు,” అని గదమాయించేది. ఆయన చేసిన సంగటి వేలితో నొక్కి, గడ్డలుంటే ఉన్నాయనే చెప్పేది. బాధపడతాడని ఒక్కరోజూ అబద్ధమాడలేదు. “నేను పోయినాక ఈయప్ప ఇంకొకరింటి గడప తావ తిండికి నిలబడకూడదు,” అనేది నాతో. వేరుశనగ పీకే నాటికి ఆమె ఉంది. చేను గట్టున చాప మీద కూర్చుని, ఒళ్లో మొక్క పెట్టుకుని, ఒక్కొక్క కాయే తుంచింది. ఆ వారమే పడక దిగలేని స్థితికి వచ్చింది. ఒక మధ్యాహ్నం మామ సంగటి చేసి తెచ్చాడు. తినడానికి ఆమెకు శక్తి లేదు. వేలితో నొక్కి చూసి, “ఈపొద్దు కుదిరినాది,” అంది. మామ ఆ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మరునాడు ఆమె వెళ్లిపోయింది.

పోయిన ఏడాది హొసకోటలో మా నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరిందని తేలింది. ఆయనకు చెప్పకూడదని అన్నయ్యలు తీర్మానించారు. నేను వాళ్లతో వాదించాను, వాళ్లు అలిగారు. అయినా మంచం అంచున కూర్చుని, నాన్న చెయ్యి పట్టుకుని, డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఈసారి ఏ మాట దగ్గరా ఆగలేదు. ఆయన అంతా విని పైకప్పు వైపు చూశాడు.

“మీయమ్మకు చెప్పినారా?” అని అడిగాడు.

“లేదు నాయనా.”

“మీరు చెప్పొద్దు. పిలుసుకోని రాపో. నేనే చెప్పుకుంటా.”

వంటింట్లో ఉన్న అమ్మను ఆయన దగ్గరికి పంపి, నేను బయటే ఉండి తలుపు దగ్గరగా వేశాను. లోపల వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.