చెల్లె తినే ఆకులు

కాటమ్మ ఊరు విడిచిన పొద్దున తండ్రి చేతిలో ఒక గంప పెట్టి చాలా మాటలే చెప్పింది. మైసయ్య అన్నిటికీ తల ఊపాడు. ఒక్కటీ వినలేదు. బిడ్డ మొహం మళ్లీ ఎప్పుడు చూస్తానో అనుకుంటూ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

అది 1948 ఎండాకాలం. కోదాడకు పడమర, రాళ్లగుట్టల కింద ఉన్న చిన్న ఊరు వాళ్లది. కాటమ్మ పెనిమిటి పిచ్చయ్య సూర్యాపేట, మిర్యాలగూడ మధ్య బండి తోలేవాడు. బండిలో నైజాం మీద తిరగబడ్డ సంఘం ఉత్తరాలు పోతున్నాయని ఎవరో చెప్పారట. రజాకార్లు వచ్చి అతని పేరు అడిగి వెళ్లారు. ఇక ఊళ్లో నిలిచే వీలు లేక, ఆలుమగలిద్దరూ నైజాం సరిహద్దు దాటి జగ్గయ్యపేట శిబిరానికి బయలుదేరారు.

గంపలో ఉన్నది ఒక తాబేలు. నల్లటి వీపు నిండా పసుపుపచ్చ చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ కిరణాల్లాంటి గీతలు. నీళ్లలో ఉండేది కాదు, మెట్ట తాబేలు. తల్లి పోయిన ఏడాది ఆరేళ్ల కాటమ్మకు కందిచేనులో దొరికింది. తోబుట్టువులు లేని పిల్ల దానికి ‘చెల్లె’ అని పేరు పెట్టుకుంది. పన్నెండేళ్లుగా దాని తిండీ తిప్పలూ ఆమే చూసింది. మైసయ్యకు మేకలు తప్ప మరో లోకం లేదు.

ఆ ఎండలకు గుట్ట కింద పచ్చగా మిగిలింది జిల్లేడే. వాడిన జిల్లేడాకును మేకలు కొరకడం, వాటికేమీ కాకపోవడం మైసయ్య ఎన్నోసార్లు చూశాడు. మేకకు పడింది దీనికి పడదా అనుకుని రెండాకులు తుంచి వేశాడు. చెల్లె ఆకలి మీద తినేసింది. మర్నాటికి నోట్లో నురగ. మెడ లోపలికి తీసుకోలేక నేల మీద వాల్చేసింది.

మైసయ్య గంప ఎత్తుకుని తండాకు పరుగెత్తాడు. అక్కడ మంగ్లీ అనే ముసలామె పసులకు ఆకుమందులు ఇస్తుంది. తాబేలు నోరు వాసన చూసి ఆమె తల కొట్టుకుంది.

“జిల్లేడు పెట్టినవా అన్నా? మ్యాక కడుపు ఏరు, దీని కడుపు ఏరు!”

“నాకేం తెల్సు అక్కా! బిడ్డ చెప్పిపోయింది. నేనే ఇనలే.”

మంగ్లీ పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, ముక్కు మునగకుండా తాబేలును అందులో కూర్చోబెట్టింది. “దినాం రెండు పూటల గిట్ల సెయ్యి. గరిక పెట్టు. అటికమామిడి పెట్టు. నాగజెముడు మట్టకు ముండ్లు కాల్చి, కోసి పెట్టు. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు, ఆముదపాకు దగ్గరికి రానియ్యకు. నీకు ఎరుక లేని ఆకు అసలే పెట్టకు.”

నాలుగోనాడు చెల్లె గరిక పోచ ఒకటి అందుకుంది. మైసయ్య గుడిసె గుమ్మంలో కూలబడి, బిడ్డ వెళ్లినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు ఏడ్చాడు.

సరిహద్దు అవతలి నుంచి పొగాకు మోసుకొచ్చే అచ్చయ్య శిబిరానికి కూడా పోతుంటాడు. చెల్లె ఏమేం తింటదో అడిగి రమ్మని మైసయ్య అతనితో కబురంపాడు. పదిరోజులకు జవాబొచ్చింది.

“తుత్తురబెండ పూలంటే పానమట. కాడలు గూడ తింటదట,” అన్నాడు అచ్చయ్య. “ఇంగో మాట. ‘నేను చెప్పేటప్పుడు నాయిన ఇంటలేడని నాకు తెల్సు. నా మొహమే సూసుకుంట నిలబడ్డడు’ అన్నది.”

మైసయ్య ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత అచ్చయ్య వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న సిద్ధంగా ఉండేది. గంగవాయిలి పెట్టొచ్చునా? తంగేడు పూలు? ఉత్తరేణి? చాలావాటికి జవాబు మంగ్లీ ఎప్పుడో చెప్పేసింది. అయినా అడిగేవాడు. అన్నీ ఒకేసారి అడిగితే ఒకే కబురొస్తుంది. ఒక్కో ఆకూ అడిగితే ఒక్కో కబురు. గంగవాయిలి వారానికి ఒకసారి, అదీ కొంచెమే అన్న మాట వెంట కాటమ్మకు ఆరో నెల అన్న మాట కూడా వచ్చింది. ఆ రోజు మైసయ్య మేకలను గుట్ట మీదికి కాక వాగువైపు తోలాడు. ఎందుకో అతనికే తెలియదు.

వానల చివర ఇండియా పటాలాలు వచ్చాయి, రజాకార్ల రాజ్యం ఖతమైంది. శిబిరాల వాళ్లు మూటలతో తిరిగొచ్చారు. మైసయ్య వారం రోజులు బాట పక్కన నిలబడ్డాడు. కాటమ్మ రాలేదు. పిచ్చయ్యకు బెజవాడ దగ్గర కాలువ కింద పల్లెలో పాలేరు పని దొరికింది. సరిహద్దే లేకుండా పోయాక అచ్చయ్య పొగాకు బేరమూ ఆగింది, కబుర్లూ ఆగాయి.

మరుసటి మాఘమాసంలో మేకలను మంగ్లీ మనవళ్లకు అప్పగించి, గంప చంకన పెట్టుకుని, మైసయ్య కోదాడలో బస్సెక్కాడు.

కాటమ్మ ఒళ్లో మూడు నెలల ఆడపిల్ల. తండ్రిని చూసి లేవబోయి, లేవలేక నవ్వింది. “ఏంటి నాన్నా, ఇంత చిక్కిపోయావు?”

ఒకప్పుడు ‘ఏంది నాయినా’ అనే పిల్ల. మైసయ్య గంప దించాడు. కాటమ్మ చెల్లెను వెల్లకిలా తిప్పి కాళ్లు చూసింది, వీపు తడిమింది.

“నాకంటే బాగా పెంచావు.”

“నీ తాననే ఉంచుకో బిడ్డా. నీ చెల్లె గదా.”

ఆమె చుట్టూ చూపించింది. గుమ్మం దాకా వరిమడి. నేల ఎప్పుడూ చెమ్మే. దొడ్డి చుట్టూ ఆసామి వేసిన గన్నేరు కంచె. “ఇక్కడ బతకదు నాన్నా. దానికి ఎండిన నేల కావాలి.” చెల్లెను తండ్రి వైపు జరిపి అంది: “నువ్వు ఉండిపో.”

మైసయ్య మనవరాలి అరికాలు వేలితో నిమిరాడు. మేకలున్నాయన్నాడు. ఆ మాటకు ఇద్దరూ తలలు వంచుకున్నారు. నాలుగు రోజులుండి, గంపతోనే తిరిగొచ్చాడు.

ఆ ఏడాది పంట కోతలకు బెజవాడ పోయి వచ్చిన కూలీలు ఒక కబురు తెచ్చారు: పిల్ల గోడ పట్టుకుని నడుస్తోందట. మైసయ్య ఆ రోజంతా మేకల వెనక తిరుగుతూ, ఆ చిన్న కాళ్లలో ముందు ఏది పడుతుందో, కుడిదో ఎడమదో, ఆలోచిస్తూనే ఉన్నాడు.