బాపు పేరున్న బోర్డు, సార్ ఎత్తిన చెయ్యి

సార్ పోయారని నాకు క్లబ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మహబూబాబాద్‌లో మా బ్యాంకులో కౌంటరు ముందు జనం నిలబడి ఉన్నారు, నేను పాసుబుక్కులు ప్రింట్ చేసి ఇస్తున్నాను. దండం పెట్టే చేతుల బొమ్మలు వరుసగా వచ్చిపడుతుంటే ఎవరి కోసమో అర్థంకాక పైకి జరిపి చూశాను. సార్ ఫొటో. జనగామలో దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. అప్పటికి తొమ్మిది నెలలుగా నేను ఆయనతో మాట్లాడటం లేదు. రెండుసార్లు ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఏడుపు వస్తుందనుకున్నాను కానీ ముందు వచ్చింది కోపమే. నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా వెళ్లిపోయారన్న కోపం.

ఆయన మా బడిలో డ్రిల్ సార్. సాయంత్రాలు జనగామ టౌన్ క్లబ్‌లో షటిల్ ఆట చూసుకునేవారు. చాలా ఏళ్లు ఆ క్లబ్‌కు ఆటల కార్యదర్శి కూడా ఆయనే. ఆడపిల్లలు ఆ షెడ్డులోకి అడుగుపెట్టని రోజుల్లో నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి రాకెట్ ఇచ్చారు. సర్వీసు ఒక్కటి నేర్పడానికే నెల తీసుకున్నారు. ఈకలు వంగిన కాక్‌లను పారేయనిచ్చేవారు కాదు. టీ గిన్నెలో నీళ్లు మరుగుతుంటే ఆ ఆవిరి మీద ఒక్కొక్కటే తిప్పుతూ ఈకలు సరిచేసేవారు. టీ మాత్రం మాకెవ్వరికీ దొరికేది కాదు, నీళ్లన్నీ కాక్‌లకే అయిపోయేవి.

ఒకసారి మ్యాచ్‌లో గీత లోపల పడిన కాక్‌ను నేను బయట పడిందన్నాను. నాకు పన్నెండేళ్లు, గెలవాలని ఆశ. అంపైర్ కుర్చీలో ఉన్న సార్ దిగివచ్చి, అది పడిన చోట చాక్‌పీసుతో చిన్న సున్నా గీశారు. తర్వాత నా దగ్గరకు వచ్చి, నాకు మాత్రమే వినబడేటట్టు, "యాడ పడ్డదో నీకు తెలుసు, నాకు తెలుసు. మూడోటోనికి తెల్వదని అబద్ధమాడుతవా బిడ్డా" అన్నారు. ఆ పాయింటు పోయింది, ఆ మ్యాచూ పోయింది. ఇంటికి వెళ్లి బాపుకు, అంటే మా నాన్నకు, చెబితే ఆయన నవ్వకుండా, తిట్టకుండా అలాగే కూర్చున్నాడు. నా మీద కోపం వచ్చిందేమోనని భయపడి పడుకున్నాను.

క్లబ్ హాల్లో తలుపుకెదురుగా పెద్ద టేకు బోర్డు ఉండేది. ముదురు ఆకుపచ్చ రంగు మీద బంగారు రంగు అక్షరాలు. ఒక వరుసలో అధ్యక్షులు, ఒక వరుసలో కార్యదర్శులు, చివరి వరుసలో ఏ ఏడుకు ఆ ఏడు సింగిల్స్ గెలిచినవాళ్లు. అందులో మా బాపు పేరుంది. బాపు తహసీల్ ఆఫీసులో గుమాస్తా. ఆయన జీవితంలో గోడకెక్కింది ఆ ఒక్క పేరే. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ బోర్డు ముందు నిలబడి వేలితో చూపించడం నాకు బాగా గుర్తు. ఆ ఏడు తర్వాత ఆయన టోర్నీ ఆడలేదు. మోకాలు నొప్పి అనేవాడు. బాపు పోయాక సమాధి లేదు, చితి పెట్టిన చోటికి ఎవరు పోతారు? నేను ఆ బోర్డు దగ్గరికి పోయేదాన్ని. దాని కోసమే క్లబ్‌లో సభ్యత్వం తీసుకున్నాను.

కిందటేడు కొత్త కమిటీ వచ్చింది. హాల్లో ఏసీలు పెడతామన్నారు, బోర్డు తీసేసి పెద్ద టీవీ స్క్రీన్ పెడతామన్నారు. బోర్డు నిండిపోయిందని, పేర్లలో సగం మంది లేనే లేరని, స్క్రీన్ మీదైతే అందరి ఫొటోలూ తిప్పవచ్చని వాళ్ల వాదన. హైదరాబాద్‌లో గోల్ఫ్ క్లబ్బులే ఇలాంటి బోర్డులు తీసేస్తున్నాయని అధ్యక్షుడు గ్రూపులో రాశాడు. గోల్ఫ్ క్లబ్బుల్లో వందేళ్ల నాటి బోర్డులు ఇప్పటికీ పదిలంగా ఉన్నాయని సార్ బదులు రాశారు. ఇద్దరిలో ఎవరూ గోల్ఫ్ క్లబ్ గేటు దాటినవాళ్లు కారు. ఆ వారమంతా జనగామలో గోల్ఫ్ గురించి అంత గొడవ జరిగిందని చెబితే ఎవరూ నమ్మరు.

బోర్డు ఉంచాలని సారూ నేనూ కలిసి సంతకాలు సేకరించాం. ఆదివారాలు నేను రైలు దిగేసరికి స్టేషన్ బయట స్కూటర్ మీద ఎదురుచూసేవారు. పాత ఆటగాళ్ల ఇళ్లకు పోయేవాళ్లం. రఘునాథపల్లిలో ఒకాయన మంచం మీద నుంచి లేవలేక పడుకునే సంతకం పెట్టాడు. అక్కడ సార్ అన్న మాట నా డైరీలో రాసుకున్నాను. "స్క్రీన్ మీది పేరు కరెంటు ఉన్నంత సేపే. చెక్క మీద పేరు రాస్తే, పోయి చూసేటోళ్లు ఒక్కరన్న ఉంటరు." ఆ మాట నన్ను ఉద్దేశించిందేనని అనుకున్నాను. ఆ రోజు ఆయన మీద ఎంత నమ్మకం కలిగిందంటే, బాపు తిరిగి వచ్చినంత ధైర్యంగా ఉండింది.

మార్కర్‌ను కూడా కలవమని చెప్పింది నేనే. క్లబ్బుల్లో మార్కర్ అంటే జీతానికి ఉండే మనిషి. కోర్టు ఊడ్చి, గీతలు గీసి, నెట్ కట్టి, ఆడేవాళ్లు తక్కువైనప్పుడు ఎదురు నిలబడి ఆడతాడు. సభ్యుడు మాత్రం కాడు. మా మార్కర్ ప్రతి వారం స్టూలెక్కి ఆ బోర్డును పొడిగుడ్డతో తుడిచేవాడు. వయసు మీదపడ్డాక రేగొండ పోయి, ఉన్న కొద్ది పొలం చూసుకుంటున్నాడు. కొడుకుకు భూపాలపల్లిలో బొగ్గు గనిలో పని. ఆ బోర్డును ఆయన కంటే ఎక్కువ చూసినవాళ్లు ఎవరున్నారు, ఆయన సంతకం లేకపోతే ఎట్లా అని నేను పట్టుబట్టాను. సార్ రెండు ఆదివారాలు ఏవో సాకులు చెప్పి దాటేశారు. మూడో ఆదివారానికి నేను రాకముందే, ఒక్కరే హనుమకొండలో బస్సు మారి పోయివచ్చారు. సంతకం తెచ్చారు. ఏమన్నాడని అడిగితే మంచిగున్నడు అన్నారు, అంతే.

జనరల్ బాడీ మీటింగ్ ఆదివారం పొద్దున జరిగింది. సంతకాల కాగితాలు నా ఒళ్లో ఉన్నాయి. బోర్డు తీసేయడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. ముందు వరుసలో మొదట లేచిన చెయ్యి సార్‌ది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఆయనను చూసి, మాతో సంతకాలు పెట్టినవాళ్లు కూడా ఒక్కరొక్కరే చేతులెత్తారు. సార్‌కే అక్కర్లేకపోతే మనకెందుకు అనుకున్నారు. మేం ఓడిపోయాం. నేను ఓడిపోయాను అనాలి, ఎందుకంటే అప్పటికి "మేం" అన్నది లేదు.

గేటు దగ్గర నిలదీశాను. ఎందుకు సార్ అంటే, "తప్పు నాది బిడ్డా. ఇంతకంటె అడుగకు" అన్నారు. కొత్త హాలుకు ఆయన పేరు పెడతామని ఆశ చూపించారట అని అప్పటికే ఎవరో నా చెవిలో వేశారు. నేను నమ్మాను. నమ్మి, "మా బాపు ఉంటే మిమ్ముల ఇంట్లకు రానియ్యకపోవు సార్" అన్నాను. ఆయన తలూపారు. ఆ రోజు నుంచే ఆయనతో మాట్లాడటం మానేశాను. కొత్త హాలుకు ఎవరి పేరూ పెట్టలేదు. బోర్డును విప్పి, వెనుక గదిలో పాత నెట్ల కింద పడేశారు.

పదకొండో రోజున క్లబ్‌లో సంతాప సభ అన్నారు. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాను. బోర్డు ఉండిన చోట స్క్రీన్ మీద సార్ ఫొటో వచ్చింది, కాసేపటికి పోయి రమ్మీ పోటీల ప్రకటన వచ్చింది, మళ్లీ సార్ వచ్చారు. దాన్ని ఆపడం అక్కడున్నవాళ్లలో ఎవరికీ తెలియలేదు. చూడలేక వరండాలోకి వచ్చేశాను. మెట్ల మీద మార్కర్ కూర్చుని ఉన్నాడు. రేగొండ నుంచి పొద్దున్నే బయలుదేరాడట. లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి చాచా, రా అన్నాను. ఈడనే మంచిగున్నది అన్నాడు.

పక్కన కూర్చున్నాను. మాటల్లో నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను, సార్ నన్ను నట్టేట ముంచారని, డబ్బుకో పేరుకో అమ్ముడుపోయారని. మార్కర్ అంతా విని, "గట్లనకు బిడ్డా. మనిషి పోయిండు, గిప్పుడన్న నువ్వు తెలుసుకోవాలె" అని చెప్పడం మొదలుపెట్టాడు.

బాపు పేరు బోర్డెక్కిన ఏడాది సింగిల్స్‌కు ఒక ఆటగాడు తక్కువయ్యాడు. జోడీ కుదరడానికి సార్ మార్కర్ పేరు వేశారు. అందరూ నవ్వారట. మార్కర్ మొదటి ఆట గెలిచాడు, రెండోది గెలిచాడు. నవ్వులు తగ్గాయి. ఫైనల్లో అవతలి పక్క మా బాపు. అంపైర్ కుర్చీలో సార్. రెండు గేముల్లోనే మార్కర్ గెలిచాడు. తెల్లారి కమిటీ కూర్చుంది. జీతగాడి పేరు సభ్యుల బోర్డు మీదికి ఎలా ఎక్కుతుందన్నారు. ఓడిన సభ్యుడి పేరు రాసేయండి అన్నారు. పేర్ల చీటీ పెయింటర్‌కు ఇవ్వాల్సింది ఆటల కార్యదర్శి. సార్ రాసిచ్చారు.

"బాపుకు తెలుసా" అని అడిగాను. అడగాల్సిన ప్రశ్న కాదని అడుగుతున్నప్పుడే తెలుసు. ఓడిన మనిషికి ఓడిన సంగతి తెలియదా?

"తెల్వకేంది. నాకు ఆయన రాకెట్టు ఇచ్చిండు, ఉంచుకో అన్నడు. ఆ దినం సంది నాకు ఎదురువడితె తలకాయ దించుకునేటోడు. మీ బాపు మంచిగ ఆడేటోడు బిడ్డా. నాతోని గెలువలే, గంతే."

రేగొండకు వచ్చిన రోజు సార్ చెట్టుకింద మంచం మీద కూర్చుని సంతకాల కాగితం బయటికి తీయలేకపోయారట. మార్కరే అడిగి తీసుకుని సంతకం పెట్టాడట. అప్పుడు సార్ ఏడ్చారట. బోర్డు ఉండాలంటే పేరు దిద్దాలి, దిద్దిస్తాను అన్నారట. దానికి మార్కర్, "ఆ పిల్ల బాపు పేరు చూసుకునుటానికి రైలెక్కి వస్తది సార్. ఆమెకు చెప్పకుండ్రి" అని మాట తీసుకున్నాడట. పేరు దిద్దితే నేను విరిగిపోతాను, దిద్దకుండా నిలబెడితే అబద్ధం ఇంకో యాభై ఏళ్లు గోడ మీద ఉంటుంది. అందుకని బోర్డే లేకుండా చేశారు. నా చేత ఆ మాట అనిపించుకుని తలూపారు.

ఇది విన్నాక సార్ మీద కోపం పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. గీత మీద సున్నా గీసి చూపించిన మనిషి నాకెందుకు చెప్పలేదు? నేను తట్టుకోలేనని సార్ అనుకున్నారు, మార్కర్ అనుకున్నాడు, నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకున్న బాపు ముందే అనుకున్నాడు. బాపు వేలితో పేరు చూపిస్తున్నప్పుడు పొడిగుడ్డ పట్టుకుని మార్కర్ ఆ హాల్లోనే ఉండి ఉంటాడు. నన్ను ప్రేమించినవాళ్లందరూ కలిసి నన్ను మోసం చేశారు. సార్‌కు కృతజ్ఞురాలిని, నాకు ఆట ఇచ్చినందుకు, నా మాటలు మోసినందుకు. ఈ కృతజ్ఞత ఆ కోపంతో కలిసే ఉంది, విడదీయడం నా వల్ల కాలేదు.

లోపలి నుంచి మైకులో నన్ను పిలిచారు. శిష్యురాలిగా రెండు మాటలు చెప్పమన్నారు. బాపుతో కలిసి ఆడినవాళ్లు ముగ్గురు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. మైకు పట్టుకున్నాను. ఆ ఫైనల్ సంగతి చెప్పాలనే నిలబడ్డాను. సార్ సర్వీసు నేర్పిన పద్ధతి గురించి, కాక్‌లకు ఆవిరి పట్టడం గురించి చెప్పాను. అందరూ నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. బాపు పేరు నా నాలుక మీదికి వచ్చింది, మింగేశాను. వచ్చి కూర్చున్నాను. ఆ చీటీ పెయింటర్‌కు ఇచ్చిన పొద్దున సార్ ఎట్లా ఉన్నారో నాకప్పుడు తెలిసింది. తెలిసినందుకు సిగ్గేసింది.

బయటికి వచ్చేసరికి మార్కర్ బస్సుకు టైమైందని గేటు దాటుతున్నాడు. పరుగున వెళ్లి ఆపాను. ఒక సంగతి అడగాలి చాచా అన్నాను. ఊరంతా, బడిపిల్లలతో సహా, ఆయనను మార్కర్ అనే పిలిచింది. సంతకాల కాగితంలో ఆయనది ఉర్దూలో ఉంది, నాకు చదవరాదు. అడగాలని కూడా ఎప్పుడూ తోచలేదు. "నీ పేరేంది చాచా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. కోర్టులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడి చెప్పాడు. నేను చేతిలో ఉన్న సంతాప సభ కాగితం వెనుక రాసుకున్నాను. సరిగ్గా రాశానో లేదో మళ్లీ చదివి వినిపించమన్నాడు. వినిపించాను. ఔ, గదే అన్నాడు.

ఆ రోజు మైకులో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. సార్, మీరు రాసిచ్చిన చీటీలో ఒక్క పేరు తప్పు. ఆ ఏడు జనగామ టౌన్ క్లబ్ షటిల్ సింగిల్స్ విజేత మా బాపు కాదు. మహ్మద్ యాకూబ్, మార్కర్.