దీవిలో లేని అరవై మంది

కొండల్ రావుది వరంగల్. అమెరికా పౌరసత్వం వచ్చాక 1978లో న్యూజెర్సీలో ఒక చిన్న కంపెనీలో రేడియో ఇంజనీరుగా చేరాడు. పని విచిత్రమైనది. పసిఫిక్‌లో అమెరికాకొక దీవి ఉంది. రక్షణ బడ్జెట్‌లో కోతపడి అక్కడి సైన్యాన్ని వెనక్కి పిలిపించారు. కాపలాకి ఎడ్డీ అనే ముసలాయన ఒక్కడే మిగిలాడు. అయినా సైన్యం ఉన్నట్టే శత్రువుల ఓడలకు వినిపించాలి. అందుకని అరవై మంది సైనికుల మాటలు రాయించి, చదివించి, టేపులకెక్కించి పంపడం కొండల్ రావు వంతు. అక్కడ ఎడ్డీ వాటిని ప్రసారం చేసేవాడు.

కొండల్ రావు అరవై మందికీ పేర్లు పెట్టాడు. ఒకడికి జ్వరం, ఇంకొకడికి కూతురు పుట్టింది. హార్పర్ అనేవాడికి పన్ను సలుపు.

దీవి నుంచి రేడియోలో వినపడిందంతా సైన్యం వాళ్ళు టైపు చేయించి నెలనెలా కంపెనీకి పంపేవారు. 1979 నవంబర్ కాగితాల్లో, తను రాయని మాట ఒకటి కనిపించింది. ‘హార్పర్‌ని. పన్ను పీకేశారు. ఇప్పుడు నిద్రపడుతోంది.’

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని ఎడ్డీకి ఫోన్ చేశాడు. డీజిల్ రాక జనరేటర్ ఆగిందనీ, నవంబర్ ఇరవై నుంచి టేపు తిరగలేదనీ ఎడ్డీ చెప్పాడు. ఆ నెల చివరి పదకొండు రోజుల కాగితాలూ నిండుగానే ఉన్నాయి. అందరూ ఒకటే అడుగుతున్నారు: ఇంటికెళ్ళే మా ఓడ ఎప్పుడు?

మేనేజర్‌కి చూపిస్తే, ఖర్చు లేకుండా పని జరుగుతోంది కదా, రిపోర్టులో రాయకు అన్నాడు.

ఇంటికెళ్ళి భార్య రేణుతో చెప్పాడు.

“పేర్లు వెట్టి పిలిచింది మీరే గద. మీరే ఇండ్లకు పంపియ్యుండ్రి,” అంది ఆమె.

మర్నాడు అరవై పేర్లూ ఫోన్‌లో ఎడ్డీకి రాయించాడు. ఖాళీ మైదానంలో నిలబడి, ఒక్కొక్కరికీ సెలవు ఇచ్చినట్టు పైకి చదవమన్నాడు. ఎడ్డీ నవ్వలేదు. సాయంత్రం తనే ఫోన్ చేశాడు.

“చదివాను. తర్వాత జెట్టీ చెక్కల మీద బూట్ల చప్పుడు, గంటసేపు. ఓడ మాత్రం ఏదీ రాలేదు.”

ఆపై వచ్చిన కాగితాలు తెల్లగా ఉన్నాయి. దీవి నుంచి ఏమీ వినపడక కాంట్రాక్టు రద్దయింది, ఉద్యోగం పోయింది. వసంతంలో కొండల్ రావు పార్సిప్పనీలో టీవీలు రిపేరు చేసే షాపులో చేరాడు. రేడియోల పని వస్తే మాత్రం పక్కవాడికి ఇచ్చేసేవాడు.