మరక అంటని ముక్క

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్న ఆ ఒక్క ఏడాది, మా ఇంటికి శుభలేఖ వస్తే పెళ్ళెవరిదన్న సంగతి అన్నిటికన్నా చివర పట్టించుకునేవాళ్ళం. ముందు మా నాన్న దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మందం చూసేవాడు. దళసరిగా ఉంటే ఆయన మొహం వెలిగేది. పల్చటి కాగితం మీద అచ్చు వేయించిన వాళ్ళని మా అమ్మ పిసినారుల కింద జమకట్టేసేది. పెళ్ళయ్యేదాకానైనా ఆగమని ఆవిడ అనేది గాని, నాన్న వింటేనా! ముహూర్తం రాసున్న భాగం మేకుకి గుచ్చి, మిగతాది కత్తెరకి అప్పజెప్పేవాళ్ళం. అచ్చు కనపడకుండా అన్నం మెతుకులతో తెల్లకాగితం అంటించేవాళ్ళం. ఒక్కో శుభలేఖకి ఆరో ఎనిమిదో ముక్కలు వచ్చేవి, కొన్నిటికి మూలన పసుపు కూడా ఉండేది.

ఆ ముక్కల మీద జర్మను మాటలు రాసేవాళ్ళం. ఒక వైపు జర్మను మాట తెలుగు అక్షరాల్లో, రెండో వైపు దాని అర్థం.

విశాఖపట్నం హార్బరు దగ్గర ఒంటిగది అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి జర్మను భాషతో ఏం పని అంటారా? పనే, అది కూడా పొట్టకూటి పని. మా నాన్న హార్బరులో కాంట్రాక్టు కింద ఖలాసీ, అంటే బరువులు ఎత్తీ దించే కూలీ. పిలిచిన రోజు పని, పిలవని రోజు గేటు దగ్గర గంటల తరబడి నిలబడి వెనక్కి రావడం. శ్రీకాకుళం వైపు పల్లె వదిలి ఆ పని కోసమే వచ్చాం. ఆ ఏడు జర్మనీ నుంచి పెద్ద క్రేను వస్తోందన్నారు. దాన్ని బిగించడానికి వచ్చే మేస్త్రీలకి ఇంగ్లీషు అంతంత మాత్రమేనట. వాళ్ళ మాట అందుకుని పనిచేసే వాళ్ళు నలుగురు కావాలనీ, మూడు నెలల తర్వాత పరీక్ష పెట్టి తీసుకుంటామనీ, నెగ్గినవాళ్ళకి ఆ క్రేను దగ్గరే ఖాయం ఉద్యోగం అనీ కాంట్రాక్టరు చెప్పాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మా నాన్న ఆ మాట విన్న రోజు అన్నం సరిగా తినలేదు.

మమ్మల్ని గట్టెక్కించింది మా ఎదురింటి తాతయ్య. ఆయనది సముద్రపు ఒడ్డునున్న యారాడ. చేపల వేటకి వెళ్ళే ఇంట్లో పుట్టి, ఓడల్లో పనికి చేరి, జర్మను ఓడలోనే చాలా ఏళ్ళు తిరిగొచ్చిన మనిషి. భార్య పోయాక ఒక్కడే మా ఎదురింట్లో ఉండేవాడు. ఓడలో తను ఆ భాష ఎలా నేర్చుకున్నాడో అలాగే మా నాన్నకి నేర్పడానికి ఒప్పుకున్నాడు.

ఆయన పద్ధతికి నాలుగు డబ్బాలు కావాలి. మా ఇంట్లో ఒక పాలపొడి డబ్బా, రెండు బిస్కెట్ డబ్బాలు దొరికాయి, నాలుగోది ఆయనే తెచ్చాడు. కొత్త ముక్క మొదటి డబ్బాలో పడుతుంది. దాన్ని రోజూ అడగాలి. సరిగ్గా చెప్తే రెండో డబ్బాలోకి వెళ్తుంది, అది రోజు విడిచి రోజు. మళ్ళీ చెప్తే మూడో దానిలోకి, అది వారానికొకసారి. అక్కడా నెగ్గితే నాలుగో డబ్బాలోకి, దాన్ని ఇక నెలకొకసారి తీస్తే చాలు. ఎక్కడ తప్పినా సరే, ఆ ముక్క మళ్ళీ మొదటి డబ్బాకి రావాల్సిందే. తప్పిన ముక్కని నాన్న తన చేత్తో పట్టుకుని, రెండు వైపులా మూడుసార్లు పైకి చదివి, తనే డబ్బాలో వెయ్యాలి. మర్చిపోబోయే ముందు అడిగితే మాట మనసులో దిగుతుందని తాతయ్య అనేవాడు. నాకప్పుడు అది అర్థం కాలేదు గాని, డబ్బాల ఆట మాత్రం భలే నచ్చింది. అడిగే పని నాది. మాట నాన్న వైపు, అర్థం నా వైపు ఉండేలా ముక్క పట్టుకుని కూర్చోవాలి, ఒప్పో తప్పో చెప్పాలి.

మొదటి నెల బాగానే గడిచింది. కొక్కెం, తాడు, గొలుసు, బ్రేకు, ఆపు, మెల్లగా, ఇవన్నీ జర్మనులో మా ఇంట్లో వినపడని సాయంత్రం లేదు. అమ్మ కూడా అన్నం వడ్డిస్తూ 'లాంగ్‌జామ్' అనేది, మెల్లగా తినమని.

రెండో నెలలో మాటలు ఎక్కువయ్యాయి, నాన్నకి అలసట కూడా ఎక్కువయింది. ముక్కలు వెనక్కి రావడం మొదలైంది. ఎత్తు అనడానికి 'హేబెన్', దించు అనడానికి 'జెంకెన్'. ముక్కలు రాయకముందే, తాతయ్య నోటితో చెప్పించినప్పుడే ఈ రెండూ ఆయనకి తారుమారయ్యేవి. నేను ఏ ముక్కకి తప్పు అన్నా ఆయన మొహం చిన్నబోయేది. ఆయన నన్ను ఒక్కమాట అనేవాడు కాదు, అంటే బాగుండేదేమో. ముక్క చదివి డబ్బాలో వేసి, చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అమ్మ పిలిస్తే ఆకలి లేదనేవాడు. ఆ మొహం చూడలేక నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు కొత్తగా రాసిన 'జెంకెన్' ముక్కకి మొదటిసారే ఆయన ఎత్తు అన్నాడు. నేను రైటు అన్నాను.

ఆయన నవ్విన నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మర్నాడు ఇంకో ముక్కకి అలాగే చేశాను. తర్వాత లెక్కే లేదు. రెండు వారాలు తిరిగేసరికి నాలుగో డబ్బా మూత పట్టనంత నిండింది. మా నాన్న వాడంతా తిరిగి ఆ సంగతి చెప్పుకున్నాడు. అది విన్నప్పుడల్లా నాకు లోపల గుబులుగా ఉండేది, అయినా మానలేకపోయాను.

పరీక్ష పక్షం రోజులుందనగా, నాన్న పనికి వెళ్ళిన పూట తాతయ్య వచ్చి డబ్బాలు దించమన్నాడు. నాలుగో డబ్బాలోంచి ఒక్కో ముక్కా తీసి వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు. మా నాన్న చేతులు ఎంత కిరసనాయిలు పెట్టి తోమినా పాత క్రేన్ల గ్రీజు వదిలేది కాదు. తప్పిన ముక్కలే ఆయన ముట్టుకునేవాడు, అందుకని ఎన్నిసార్లు తప్పితే ముక్క అంత నల్లబడాలి. ఒక ముక్క దగ్గర తాతయ్య ఆగిపోయాడు.

"ఇదేటమ్మీ, ఇంత తెల్లగున్నాది? ఎత్తడం, దించడం మీ నాన్నకి ఎప్పుడూ తిరగబడిపోతాయి కదా. ఇదీపాటికి మసిబొగ్గయిపోవాల."

ఆయన ఇంకో నాలుగు ముక్కలు తీశాడు. అన్నీ కష్టమైన మాటలే, అన్నీ కొత్తగా కోసినంత తెల్లగా ఉన్నాయి. నేను ఏడవడం మొదలుపెట్టాక ఆయనకి ఇంక అడగాల్సిన పని లేకపోయింది.

తిట్టలేదు. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "కొక్కెం కింద మనిసి ఉంటాడమ్మీ. ఎత్తమంటే మీ నాన్న దించేత్తే ఆ మనిసి ఏటవుతాడు?" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపు ఆగిపోయింది, భయం పట్టుకుంది. అప్పటిదాకా అది మాకూ మాటలకీ మధ్య ఆట అనుకున్నాను. మాటల వెనక బరువు ఉంటుందని, దాని కింద మనుషులు ఉంటారని తోచలేదు.

ఆయన డబ్బాలన్నీ నేల మీద బోర్లించాడు. ముక్కలన్నీ కలిపేసి మొదటి డబ్బాలో కుక్కాడు, పట్టనివి సంచిలో పోశాడు. నేను బిత్తరపోయి చూస్తుంటే మెల్లగా చెప్పాడు. "నువ్వు సేసినావని తెలిత్తే నిన్ను కొడతాడు, సిగ్గుతో సదువు మానేత్తాడు. నాను సేసినానంటే నా మీద పంతం పట్టి సదువుతాడు. మీ నాన్న సంగతి నాకు తెలుసు. నువ్వు నోరిప్పకు."

అప్పుడు నాకు కలిగింది సంతోషం. దెబ్బలు తప్పాయన్న సంతోషం. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రం నాన్న రాగానే తాతయ్య తనే ఎదురెళ్ళాడు. డబ్బాలు తన చేతిలోంచి జారిపడ్డాయని, ముక్కలన్నీ కలిసిపోయాయని, మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలని చెప్పాడు. నాన్న నమ్మలేనట్టు సంచి చూశాడు. తర్వాత వీధంతా వినపడేలా అరిచాడు.

"ఇన్ని నెల్ల కష్టం బాబాయ్! ముట్టుకోమని ఎవుడు సెప్పినాడు నీకు? కళ్ళు కానరానోడివి మూల కూకోవాల గాని! ఇంక నా గుమ్మం తొక్కకు!"

చుట్టుపక్కల వాళ్ళు బయటికొచ్చారు. ఓడ మీద లోకం చుట్టొచ్చిన ఆ పెద్దమనిషి, పిల్లల ముందూ ఆడవాళ్ళ ముందూ తలొంచుకుని నిలబడ్డాడు. ఒక్కసారైనా నా వైపు చూడలేదు. చూసుంటే నేను చెప్పేసేదాన్నేమో. నేను అమ్మ కొంగు పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయన వెళ్ళిపోయి తలుపు వేసుకున్నాడు.

ఆయన అనుకున్నదే జరిగింది. ఆ పక్షం రోజులూ నాన్న పళ్ళు బిగించి చదివాడు. పనిలోకి సంచి పట్టుకెళ్ళేవాడు, గేటు దగ్గర వరసలో నిలబడి చదివేవాడు. అడిగేటప్పుడు నేను ఒక్క ముక్కకి కూడా అబద్ధం చెప్పలేదు. తప్పు అన్నప్పుడల్లా ఆయన మొహం చూడకుండా ముక్క ఇచ్చేసేదాన్ని. 'జెంకెన్' ముక్క పసుపు కూడా కనపడనంత నల్లబడింది. పరీక్ష పెట్టేవాళ్ళు మాట చెప్తే చేతులతో సైగ చేసి చూపించాలిట. నాన్న అన్నీ చూపించాడు. నలుగురిలో ఆయనొకడయ్యాడు. మేం హార్బరు క్వార్టర్సులోకి మారాం, నా చదువు ఆగకుండా సాగింది.

తాతయ్య మాత్రం మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. ఉద్యోగం వచ్చిందని అమ్మ మిఠాయి పంపిస్తే తీసుకున్నాడట. ఆ వేసవిలో ఆయన కూతురు వచ్చి యారాడ తీసుకెళ్ళిపోయింది. యారాడ ఎంత దూరమని? హార్బరులోకి ఓడలొచ్చే దారి పక్కనున్న కొండకి అవతల. క్వార్టర్సు డాబా ఎక్కితే ఆ కొండ కనపడేది. వెళ్దాం వెళ్దాం అని అమ్మ అంటుంటే నాన్న డ్యూటీ ఉందనేవాడు. కొన్నేళ్ళకి తాతయ్య పోయాడని కబురు తెలిసిన రోజు కూడా నాన్న డ్యూటీకే వెళ్ళాడు.

నేను నోరు విప్పింది నాన్న రిటైరయ్యాక. విశాఖలోనే మధురవాడలో మా ఇంట్లో ఇద్దరం కూర్చుని మునగాకు దూస్తున్నాం. ఎందుకో ఆ పూట ఆగలేక, ఆ ముక్కల సంగతంతా చెప్పేశాను. ఆయన చేతులు ఆగలేదు.

"నాకు తెలుసమ్మీ," అన్నాడు. "ఒకే ముక్కకి ఓ రోజు ఎత్తు అన్నాను, ఇంకోరోజు దించు అన్నాను. రెండుసార్లూ రైటన్నావు. రెండూ ఎలా రైటవుతాయి?"

మరి నన్నెందుకు అడగలేదని అంటే, "నువ్వు రైటంటే బాగుండీది," అన్నాడు. తాతయ్య మీద ఎందుకు అంతలా అరిచావని అడిగాను. దూసిన ఆకంతా ఒక పక్కకి చేర్చి, "ఆయన అబద్ధం ఆడతన్నాడనీ తెలుసు. నాకు మాటలు రాలేదన్న సిగ్గు బయటపడకుండా అడ్డొచ్చి నిలబడ్డాడు. అది తెలిసే, ఓర్సుకోలేక అరిసినాను," అన్నాడు. అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మా మధ్య మళ్ళీ ఆ మాట రాలేదు. నాన్నా పోయి చాలా కాలమైంది.

ఇప్పుడు మా మనవరాలు నర్సింగు చదువుతూ, జర్మనీలో ఉద్యోగం కోసం జర్మను నేర్చుకుంటోంది. దాని డబ్బాలన్నీ ఫోనులోనే ఉన్నాయి. ఏ మాట ఏ రోజు అడగాలో ఫోనే చూసుకుంటుందట. తెలిసిందో తెలియలేదో మాత్రం తనే నొక్కాలట. బస్సుల్లో తిరిగి అలసిపోయి వచ్చిన రోజు, ఫోను నా చేతికిచ్చి అడగమంటుంది. తప్పు చెప్పి, దాదాపు వచ్చేసింది కదా అమ్మమ్మా అన్నట్టు నా మొహంలోకి చూస్తుంది. నాకు దాని మీద జాలి ముంచుకొస్తుంది. అయినా తప్పే అని చెప్తాను. అది మూతి ముడుచుకుంటుంది, నేను ఓర్చుకుంటాను.

ఆ రోజు నుంచి నాతో వచ్చింది ఆ ఓర్పొక్కటే అని చెప్పుకుంటే బాగానే ఉంటుంది గాని, అది నిజం కాదు. "తాతయ్యా, తప్పు నాదే," అని వీధి దాటి వెళ్ళి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆయన బతికున్నన్నాళ్ళూ మా నాన్నా వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. ఎన్ని మాటలు మర్చిపోయే వయసు వచ్చినా, అదొక్కటీ మర్చిపోలేకపోతున్నాను.