ఏకాదశి నాటి నెత్తురు

డాక్టర్ వేదవతి గారు మొన్న సోమవారం రాజమండ్రిలో పరమపదించారు. వైద్య కళాశాలలో నాకు జీవరసాయన శాస్త్రం బోధించిన గురువు ఆవిడ. భోజనానంతరం మన రక్తంలో జరిగే మార్పుల పరిశీలనకే జీవితాన్ని అంకితం చేసిన విదుషీమణి. లోకమంతా పరగడుపు నెత్తురు అడుగుతుంటే, ఆవిడ "భోంచేసి రండి" అనేవారు. సాటి అధ్యాపకులు నవ్వితే వాళ్లకంటే గట్టిగా తానే నవ్వేవారు.

ఆ ప్రజ్ఞ విలువ మా ఇంటికి బాగా తెలుసు. మా తాతగారు, పెదనాన్నగారు యాభై దాటీ దాటకుండానే గుండెపోటుతో పోయారు. ఇద్దరి పరగడుపు పరీక్షల్లోనూ ఏ దోషమూ కనబడలేదు. నాన్నగారికి యాభై దగ్గరపడేసరికి నాకు భయం పట్టుకుంది. పరగడుపున రమ్మని పెనుగొండ నుంచి మా కళాశాలకు పిలిపించి నెత్తురు తీయించాను. అది తేరాక గాజుగొట్టంలో పైన పాలలా తెల్లగా తేలింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

మేడమ్ గారు ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూశారు. "ఏమండీ, పొద్దున్న ఏం తీసుకున్నారు?" అని నాన్నగారిని అడిగారు.

"అబ్బే, ఏం లేదండి. ఇవాళ ఏకాదశి కదండీ, ఉపవాసం. మా ఆవిడ నేతిలో ఉప్మా చేసి, పెసరట్టు వేసి పెట్టిందండి. అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం పకపకా నవ్వారు. "కోప్పడకమ్మా. మన గోదావరి వాళ్లకి ఉపవాసమంటే అన్నం మానడమే గానీ, తినడం మానడం కాదు. దాన్ని పారబొయ్యకు. ఈ నెత్తురే నిజం చెబుతుంది."

సాయంత్రం దాకా నాన్నగారిని కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ పరీక్షించారు. అప్పటికీ నెత్తురు మబ్బుగానే ఉంది.

"తిన్న కొవ్వును మోసే రేణువులు రావులపాలెం అరటి లారీల్లాంటివమ్మా. సరుకు దింపేసి పోతే పేచీ లేదు. దారిలో నిలబడిపోతే పక్కనున్న మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్ బళ్లతో సరుకు ఇచ్చిపుచ్చుకుంటాయి. అలా ఆ బళ్లలోకి ఎక్కిన కొవ్వును కాలేయం కరిగించేస్తే, చెడ్డవి చిన్నవై, గట్టిపడి, రక్తనాళాల గోడల్లోకి దూరతాయి. మంచివి చిక్కిపోయి తొందరగా కనుమరుగవుతాయి. పరగడుపు పరీక్షలో ఇదంతా ఎక్కడ తెలుస్తుంది?"

తాతగారి ప్రాణం తీసింది బహుశా ఇదేనని నాకు అప్పుడు తోచింది. ఏడుపొచ్చింది.

ఆవిడ నాన్నగారి వైపు తిరిగి, "నెయ్యి మీద నాకు పగ లేదండీ. తగ్గించండి చాలు. తిన్నాక కునుకు మాత్రం మానేసి, కాలవగట్టున నడవండి. దీనికి రుజువులు ఇంకా రావాలి, అవి వచ్చేదాకా మీరు ఆగక్కర్లేదు" అన్నారు.

"మరి పూతరేకులండీ?"

"సగం నాకు పంపండి!"

నాన్నగారు మాట నిలబెట్టుకున్నారు, నడకలోనూ, పూతరేకుల్లోనూ. ఆవిడ వద్ద దీక్ష పొందిన శిష్యులం నేడు ఊరూరా భోజనం తరువాతి నెత్తురును పరీక్షిస్తున్నాం. విద్య నిలిచింది. ఆ నవ్వు మాత్రం మళ్లీ వినబడదు, ఆ లోటు ఎన్నటికీ తీరదు.

నిన్న ఆవిడ పటం ముందు పూలు పెట్టి నాన్నగారు చేతులు జోడించారు. బయటికి వచ్చాక నా భుజం పట్టుకుని అన్నారు: "మా అన్నయ్యకంటే నేను పెద్దవాణ్ణయిపోయానే, అమ్మాయ్."