మంచం మీద మగ్గం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా అన్నకు కరీంనగర్ ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ అయింది. అన్న ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, బుద్ధి మాత్రం చిన్నపిల్లాడిది. మమ్మల్ని కన్న అవ్వ మాట అతనికి వేదం. ఆ మాటే ప్రాణం మీదికి తెచ్చింది.

కుట్లు ఊడతాయన్న భయంతో అవ్వ "కదలకు బిడ్డా" అంది. అంతే, అన్న కట్టెలా బిగుసుకుపోయాడు. మర్నాడు డాక్టరు చూసి మండిపడ్డాడు.

"ఇట్లనే పడుకుంటే కాళ్లల్ల నెత్తురు గడ్డ కడ్తది. ఆ గడ్డ ఊపిరితిత్తులల్లకు పోతే మనిషి దక్కడు. కాళ్లు ఆడించాలె."

"ఇగ కదులు బిడ్డా, నేనే చెప్తున్న గదా" అని అవ్వ బతిమాలింది. అన్న వినలేదు. కదిలితే నొప్పి అని అతనికి అప్పటికే తెలిసిపోయింది. నర్సు మోకాలు వంచబోతే వార్డంతా దద్దరిల్లేలా అరిచాడు. మా చుట్టాలకు సలహాలివ్వడం కొట్టిన పిండి. ఒకరు బెల్లం చూపించమన్నారు, ఇంకొకరు బెదిరించమన్నారు. నాకు ఒళ్లు మండింది. అన్న చచ్చిపోతాడేమోనన్న భయం కూడా పట్టుకుంది.

మేము నేతవాళ్లం. ఇంట్లో మా నాన్న, బాపు, మగ్గం గుంటలో కాళ్లతో పలకలు తొక్కుతుంటే, అన్న పక్కనే కూర్చుని ఉత్త నేలను తాళం తప్పకుండా తొక్కేవాడు. దారం తెంపుతాడని అతన్ని మగ్గం మీద ఎవరూ కూర్చోనియ్యలేదు. బాపు ఇప్పుడు మంచం కాళ్ల దిక్కు కూలబడి, అన్న అరికాళ్లకు తన అరచేతులు ఆనించి, నోటితో మగ్గం చప్పుడు చేశాడు. టక టక్. టక టక్.

అన్న కుడికాలు బాపు చేతిని నెట్టింది. తర్వాత ఎడమకాలు. డాక్టరు చెప్పినా, అవ్వ బతిమాలినా కదలని కాళ్లు! ఆనాటి నుంచి బాపుకు పొద్దంతా అదే పని.

ఒక మధ్యాహ్నం బాపు అలసిపోయి, మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోయాడు. చేతులు జారిపోయాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. అన్న తానే నోటితో టకటకలాడిస్తూ, మంచం చివర ఇనుప కమ్మీని తొక్కుతున్నాడు. అప్పుడే వచ్చిన డాక్టరు అతని పిక్కలు నొక్కి చూశాడు. "వాపు లేదు. రేపటి నుంచి నడిపియ్యుర్రి" అన్నాడు.

అన్న పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మెల్లగ సారూ. బాపు పండుకున్నడు. ఇయ్యాల నేనే నేస్తున్న."